తొమ్మిదో గది కట్ట

సోమవారం ఉదయం పదింటికి కంప్యూటర్ ఆపరేటర్ బుడే ఆ కాలేజీ గేటు దాటేసరికి కంప్యూటర్ గది ముందున్న సిమెంటు బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజాల మీద, తలలో పత్తి పింజెలు అంటుకుని ఉన్నాయి. చేలో నుంచి నేరుగా బస్సెక్కి వచ్చినవాడని చూడగానే తెలుస్తుంది. పక్కన ఆకుపచ్చ రేకుపెట్టె. ఆ పెట్టె మీద ఒక అమ్మాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

పెట్టె చూడగానే బుడేకి సంగతి తెలిసిపోయింది. గుంటూరు నుంచి ప్రత్తిపాడు పోయే రోడ్డు మీద ఉన్న ఆ ఆడపిల్లల కాలేజీలో ప్రతి ఆదివారం ఎంసెట్ పద్ధతిలో నూట అరవై మార్కుల పరీక్ష పెడతారు. సోమవారం తెల్లారేసరికి మార్కులు బోర్డు మీద ఉండాలి. స్పెషల్ సెక్షన్ పిల్లలకు వరసగా రెండు ఆదివారాలు వంద దాటకపోతే తండ్రికి ఫోను పోతుంది, పిల్ల పెట్టె సర్దుకుంటుంది. ఆ మార్కులు తీసేది బుడే. ఏడేళ్ళుగా అదే పని. ఆదివారం అనేది ఆయనకు లేకుండా పోయి కూడా ఏడేళ్ళయింది. నలభై నాలుగేళ్ళకే కళ్ళ కింద సంచులు దిగాయి.

ఆయన తాళం తీస్తుంటే బల్ల మీదాయన లేచి నిలబడ్డాడు. పేరు త్రినాథ్. దర్శి దగ్గర ఊరు. పొద్దున్నే ఫోనొస్తే పత్తి తీసే కూలీలను చేలో వదిలేసి వచ్చానని, వాళ్ళు ఇప్పుడు తీస్తున్నారో కూర్చున్నారో దేవుడికే తెలియాలని చెప్పుకొచ్చాడు. పిల్ల పేరు శ్రీరమ్య. కిందటి ఆదివారం తొంభై ఆరు వచ్చింది, జ్వరంలో రాసింది, అది ఒప్పుకుంటున్నారు. నిన్నటిది మాత్రం ముప్పై ఎనిమిదట.

"మా పిల్ల రాసిన కాయితం ఒక్కసారి చూపిస్తారేంటి సారూ," అన్నాడు. "తగువు పెట్టుకోడానిక్కాదు. ఊరికే చూసుకుందామని."

అలా అడిగేవాళ్ళు నెలకు ఇద్దరైనా ఉంటారు. కాగితాలు చూపించకూడదన్నది డీన్ లక్ష్మీకాంత్ గారి ఆర్డరు. ఒకరికి చూపిస్తే అయిదొందల మంది వస్తారంటారు. అప్పుడే బుడేకి తలనొప్పి మొదలవుతోంది.

"మిషన్ తప్పు చెయ్యదండీ," అన్నాడు.

అమ్మాయి అప్పుడు తలెత్తింది. "ముప్పై ఎనిమిది రావండీ నాకు. ఒక్క కెమిస్ట్రీలోనే ముప్పై దాటతాయి," అంది. గొంతులో ఏడుపు లేదు. రాత్రే ఏడవడం అయిపోయినట్టుంది. తండ్రి ఊరుకోమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. డీన్ గారు పిలుస్తున్నారని అటెండరు వస్తే ఇద్దరూ వెళ్ళారు. పన్నెండు కొట్టేసరికి త్రినాథ్ పెట్టె భుజానికెత్తుకుని, పిల్లను వెంటబెట్టుకుని గేటు దాటుతుంటే బుడే కిటికీలోంచి చూశాడు. దర్శి బస్సు రెండున్నరకు.

చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. కానీ ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఒక్క కెమిస్ట్రీలోనే ముప్పై దాటతాయి. తప్పు రాసినవాళ్ళు అలా లెక్క చెప్పరు.

ఈ మార్కులు తీసే ప్రోగ్రాం బుడే సొంతంగా రాసుకున్నదే. బీకాం చదివి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, మిగతాదంతా తంటాలు పడి నేర్చుకున్నాడు. పిల్లలు గడులు నింపిన కాగితాలను స్కానర్‌లో పెడితే ఒక్కో కాగితం ఫొటోగా కంప్యూటర్‌లోకి పోతుంది. ప్రోగ్రాం ఆ ఫొటో చూసి నింపిన గడులు ఏవో పట్టుకుని, జవాబుల పట్టీతో పోల్చి మార్కు వేస్తుంది. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు చూసి రాయకుండా ప్రశ్నపత్రం ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుగా వేస్తారు. అవే ప్రశ్నలు, వరస వేరు. కాబట్టి పట్టీలూ నాలుగు. మార్కు వేసే పనికి రెండు సంగతులు కావాలి. ఈ కాగితం ఒకటి, దీనికి ఏ పట్టీ అన్నది రెండు.

పాత కంప్యూటర్ ఆ పని ఒక్కొక్క కాగితమే చేసేది. ఇరవై రెండు గదులు, గదికి ఇరవై నలుగురు. ఆరు గంటలు పట్టేది. ఆగస్టులో ఒకేసారి నాలుగు పనులు చేయగల నాలుగు మెదళ్ళ కంప్యూటర్ వచ్చింది. పని నలుగురికి పంచితే గంటన్నరలో అయిపోతుంది కదా అని బుడే ఆశపడ్డాడు. తను ప్రోగ్రాం రాసే పైథాన్ భాషలో కొత్తగా అందుకు ఒక పద్ధతి వచ్చింది. నలుగురు పనివాళ్ళను నిలబెట్టి ముందు ఒక వరస పెడితే, ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్ళు వరసలోంచి ఒకటి తీసుకుని చేసుకుపోతారు. చిక్కల్లా ఒక్కటే. ఆ పద్ధతిలో ఒకసారికి ఒక్క వస్తువే అందుతుంది. కాగితమూ పట్టీ రెండూ ఇవ్వబోతే తీసుకోదు.

దానికి మందు లేకపోలేదు. రెండూ కలిపి ఒక మూటగా కట్టి ఆ మూటనే ఒక వస్తువుగా ఇవ్వాలి. పనివాడు మూట విప్పుకుని చేసుకుంటాడు. బుడేకి అది తెలుసు, ఎక్కడో చదివాడు కూడా. కానీ పాత ప్రోగ్రామంతా విప్పి మళ్ళీ కుట్టాలి. అది శనివారం సాయంత్రం. మర్నాడు పరీక్ష. ఒళ్ళు బద్దలైపోతోంది.

అడ్డదారి ఒకటి కనిపించింది. బల్లల మీద పిల్లలను ఎప్పుడూ ఏ, బీ, సీ, డీ, మళ్ళీ ఏ, బీ, సీ, డీ వరసలోనే కూర్చోబెడతారు. కాగితాలు కూడా ఆ వరసలోనే కట్ట కడతారు. రాని పిల్ల ఉంటే ఆ చోట ఖాళీ కాగితం ఒకటి ఎర్రగీత కొట్టి పెడతారు, వరస చెడకుండా. అలాంటప్పుడు పనివాడికి గది కట్టలో ఎన్నో కాగితమో ఆ నంబరు ఒక్కటి ఇస్తే చాలదా? నంబరును నాలుగుతో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి ఏ పట్టీయో వాడికే తెలుస్తుంది. కాగితం మీద ఏ రకమో నింపే గడి ఉంది గానీ సగంమంది పిల్లలు అది నింపడం మరిచిపోతారు, దాన్ని నమ్మొద్దని డీన్ గారే అన్నారు. బుడే అలాగే రాశాడు. ఆ ఆదివారం గంటన్నరలో పని అయిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత సాయంత్రం నమాజు ఇంటి దగ్గర చేసుకున్నాడు. ఇది ఆగస్టు సంగతి. ఇప్పుడు నవంబరు.

మధ్యాహ్నం నమాజుకు ఎప్పటిలాగే యూపీఎస్ వెనక మూలలో తువ్వాలు పరుచుకున్నాడు. చివర కుడివైపుకూ ఎడమవైపుకూ సలాము చెబుతున్నప్పుడు, భుజాల మీద కూర్చుని మనిషి చేసేవన్నీ రాసుకునే దేవదూతలు గుర్తొచ్చారు. ఒకరిది ఇంకొకరి పుస్తకంలో పడకుండా వాళ్ళెలా రాస్తారో అనిపించింది. లేచి తువ్వాలు మడవకుండానే బీరువా తెరిచాడు.

శ్రీరమ్య రాసింది తొమ్మిదో గదిలో, ఇరవయ్యో సీటు. ఆ గది మార్కులు తెర మీదకు తెచ్చాడు. పద్దెనిమిదో కాగితం దాకా ఎవరికి రావలసినవి వాళ్ళకు వచ్చాయి. ఆ తర్వాత ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ముప్పై ఆరు, నలభై నాలుగు, ముప్పై తొమ్మిది. అయిదుగురూ స్పెషల్ సెక్షన్ పిల్లలే. కళ్ళు మూసుకుని గడులు నింపినా అన్నే వస్తాయి. కట్ట విప్పి వేలికి తడి అద్దుకుని లెక్కపెట్టాడు. ఇరవై మూడు. మళ్ళీ పెట్టాడు. ఇరవై మూడే.

ఆ గదికి కాపలా ఉన్నది వెంకటరావమ్మ గారు. హాస్టల్ వార్డెను, ఎవరి మాటకూ ఎదురు చెప్పని మనిషి. వరండాలో పట్టుకుని అడిగితే ఆమె దాచుకోలేదు. పందొమ్మిదో సీటు పిల్ల జ్వరంతో రాలేదు. ఖాళీ కాగితం తీసి భద్రంగా దాచింది.

"కాగితాలు వృథా చెయ్యొద్దని నాలుగు వారాల కిందట సర్క్యులర్ వచ్చింది కదండీ," అంది. "మిగతావాళ్ళు చదివి చెవిన పెట్టుకోలేదు. నేను అప్పటినుంచీ అట్టానే చేస్తున్నా. తప్పా అండీ?"

తప్పు కాదని చెప్పాడు. ఆ ఖాళీ కాగితం ఎందుకుందో ఆమెకు ఎవరు చెప్పారు గనుక? చెప్పవలసినవాడు తనే.

శ్రీరమ్య కాగితం బల్ల మీద పెట్టుకుని డీ పట్టీ తీసి చేత్తో దిద్దాడు. తన రకం గడి కూడా ఆ పిల్ల నల్లగా, నిండుగా నింపింది. ముందరి ఖాళీ కాగితం లేకపోయేసరికి అది పందొమ్మిదోదిగా లెక్కపడి, మిషన్ దాన్ని సీ పట్టీతో దిద్దింది. నూట అరవై టిక్కులు పెట్టడానికి పావుగంట పట్టింది. నూట ముప్పై ఒకటి.

బుడే కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. వాళ్ళ నాన్న దూది ఏకేవాడు. ఊరూరూ తిరిగి పాత పరుపులు తెచ్చేవాడు. నాన్నా, ముగ్గురు బాబాయిలూ నాలుగు విళ్ళు వేలాడదీసి నలుగురూ ఒక్కసారే ఏకేవాళ్ళు, ఇల్లంతా మంచు పట్టినట్టుండేది. ఏ ఇంటి దూది ఆ ఇంటి గలీబులోనే, వాళ్ళ మంచం కొలత తాడు కూడా అందులోనే వేసి మూతి కట్టేవాడు నాన్న. ఎవరి పని అయిపోతే వాళ్ళు గోడ పక్కనుంచి ఒక మూట లాక్కోవడమే, ఎవరినీ ఏమీ అడిగే పని లేదు. ఒకరింటి దూది ఇంకొకరి పరుపులోకి పోతే అది దొంగతనంతో సమానమని నాన్న అనేవాడు. ఒకసారి ఒక మూటలో తాడు కనబడకపోతే ఆ మూట అలాగే కట్టి, ఎండలో మూడు కోసులు నడిచి వెళ్ళి మంచం కొలుచుకొచ్చాడు. నాన్న చదువుకోలేదు. అలసిపోలేదనడానికి లేదు, రోజూ అలసిపోయేవాడు.

ఒంటిగంటన్నరకు డీన్ గది తలుపు తట్టాడు. లక్ష్మీకాంత్ గారు క్యారేజీ విప్పుకుని కూర్చున్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన మీద కూడా పైనుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. బుడే చెప్పిందంతా అన్నం కలుపుతూ విని, దర్శి పిల్లకు ఫోన్ చేసి వెనక్కు రమ్మందామన్నారు. మళ్ళీ పరిశీలించి ఇంకో అవకాశం ఇచ్చామని చెబితే సరిపోతుంది. మిగతా నలుగురూ సెక్షన్‌లోనే ఉన్నారు కాబట్టి వాళ్ళకు చెప్పే పనే లేదు.

"బోర్డు మీద మార్కులు అట్టానే ఉంటాయిగదండీ," అన్నాడు బుడే.

"ఏమయ్యా బుడే, ఒకసారి తప్పని బోర్డు మీద రాశామనుకో. రేపటినుంచి ఏ మార్కయినా ఎవరైనా నమ్ముతారా? వచ్చే ఆదివారానికి సరిచేసుకో. అంతే."

ఆ మాటలో నిజం లేకపోలేదు. బుడే సరేనండీ అని బయటికొచ్చాడు. ఫోన్ చేశారు గానీ త్రినాథ్ ఇచ్చింది ఊళ్ళో ఎవరిదో నంబరు. ఆయన ఊళ్ళో లేడని, గుంటూరు పోయాడని అవతలివాళ్ళు చెప్పారు. అప్పటికి రెండు. బుడే ఆటో ఎక్కాడు.

బస్టాండులో దర్శి బస్సు స్టార్టయి ఊగుతూ ఉంది. పెట్టె బస్సు మీదికి ఎక్కించేశారు. త్రినాథ్ కిటికీ పక్క సీట్లో కూర్చుని, పొట్లంలోని ఇడ్లీ ముక్క పిల్ల చేతిలో పెడుతున్నాడు. ఆమె పట్టుకుని ఉంది గానీ తినడం లేదు. బుడే కిటికీ కింద నిలబడ్డాడు. దారి పొడుగునా డీన్ గారు చెప్పమన్న మాటే వల్లెవేసుకుంటూ వచ్చాడు. మళ్ళీ పరిశీలించాం, ఇంకో అవకాశం ఇచ్చాం. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"మీ అమ్మాయికి నూట ముప్పై ఒకటి వచ్చాయండీ," అన్నాడు. "నేను వేరే పట్టీతో దిద్దించాను. తప్పు నాది."

త్రినాథ్ ఇడ్లీ పొట్లం మడిచి పక్కన పెట్టాడు. కోపం రావలసిన చోట ఆయనకు అలసటే వచ్చినట్టుంది. "పొద్దున మిషన్ తప్పు చెయ్యదన్నారుగా," అన్నాడు.

"అన్నానండీ."

"మరి పొద్దున చూసుంటే పోయేదిగా సారూ. అక్కడ పదిమంది కూలీలు. రానూ పోనూ నా పొద్దంతా పోయింది. ఈ పిల్ల నిన్నటినుంచి నీళ్ళు తప్ప ముట్టలేదు."

 కండక్టరు కేకేస్తే త్రినాథ్ విసుక్కుంటూ పైకెక్కి పెట్టె దించాడు. శ్రీరమ్య దిగింది. సంతోషపడుతుందేమో అనుకున్నాడు బుడే. ఆ పిల్ల మొహంలో అదేమీ లేదు. ఆటో దాకా నడిచి, ఎక్కబోయి ఆగింది.

"మా వెనక బెంచీలో కరీమున్‌కి కూడా ముప్పై ఆరే వేశారండీ. దానికెప్పుడూ నూట ఇరవై తగ్గవు. తనకీ చెప్పారా?"

లేదన్నాడు బుడే.

"మరి చెప్పరా?" అంది. నిలదీసినట్టు కాదు. తెలియక అడిగినట్టే అడిగింది.

త్రినాథ్ అదే బస్సుకు ఊరు వెళ్ళిపోయాడు.  బుడే పిల్లను తీసుకుని కాలేజీకి చేరేసరికి మూడున్నర. తిన్నగా బీరువా దగ్గరికి పోయి తొమ్మిదో గది కట్టలోంచి మిగతా నాలుగు కాగితాలు తీశాడు. చేత్తోనే దిద్దాడు, గంట పట్టింది. కరీమున్‌కు నూట ఇరవై ఏడు. ఎర్ర పెన్ను తీసుకుని వరండాలోకి పోయి, బోర్డు మీది మార్కుల పట్టీలో అయిదు అంకెలు కొట్టేసి పక్కన కొత్తవి రాశాడు. కింద ఒక వాక్యం: తొమ్మిదో గదిలో చివరి అయిదు కాగితాలు తప్పు పట్టీతో దిద్దడం జరిగింది, పొరపాటు కంప్యూటర్ విభాగానిది. కంప్యూటర్ విభాగమంటే తనొక్కడే కదా అనుకుని, చివర తన పేరు రాశాడు.

స్టడీ అవర్‌కు పోయే పిల్లలు గుంపుగా ఆగి చదివారు. వెనకనుంచి లక్ష్మీకాంత్ గారు వచ్చి ఆయన కూడా చదివారు. చింపేస్తారనుకున్నాడు బుడే. చింపలేదు. పేరు రాసుకోవడం ఎందుకయ్యా అని మాత్రం అన్నారు. రెండడుగులు వేసి వెనక్కు తిరిగి, ఇకనుంచి ప్రతి గది కట్టా నువ్వే లెక్క చూసి సంతకం పెట్టాలని చెప్పి వెళ్ళారు. అంటే ఆదివారానికి ఇంకో రెండు గంటల పని.

ఇంట్లో రహమతున్నీసా అంతా విన్నది. భర్త చేసింది తప్పనలేదు, గొప్పా అనలేదు. కళ్ళల్లో మందు వేస్తూ, వెంకటరావమ్మ గారు నాలుగు వారాలుగా ఆ కాగితాలు దాస్తున్నదంటున్నారుగా, మరి ముందు మూడు ఆదివారాల మాటేంటని అడిగింది. బుడే మధ్యాహ్నం నుంచి ఆ ప్రశ్ననే తప్పించుకుంటున్నాడు.

మంగళవారం ప్రోగ్రాం విప్పాడు. కాగితమూ, సీటు నంబరూ, ఏ రకమో చెప్పే అక్షరమూ మూడూ కలిపి ఒక్క మూటగా కట్టాడు. పనివాడు మూట విప్పుకుని చూస్తాడు. పిల్ల నింపిన రకానికీ సీటు నంబరుకూ పొత్తు కుదరకపోతే మార్కు వెయ్యకుండా పక్కన పెడతాడు. రాయడానికి మూడు గంటలు పట్టింది. ఆగస్టులో లేవనుకున్న మూడు గంటలే అవి.

ఆ తర్వాత పాత కట్టలు దించాడు. మూడు ఆదివారాలవి, అరవై ఆరు కట్టలు. అన్నిటికంటే ముందు వెతికింది షాజాదీ రాసిన గది. పర్చూరు పిల్ల షాజాదీని మూడు వారాల కిందట ఇలాగే పెట్టె సర్దించి పంపేశారు. వాళ్ళమ్మ గేటు దగ్గర డీన్ గారి కారుకు అడ్డం నిలబడింది. అప్పుడూ బుడే కిటికీలోంచే చూశాడు.

కట్ట లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. ఎర్రగీత కొట్టిన ఖాళీ కాగితం దాని చోట అది ఉంది. అయినా మనసొప్పక ఆ పిల్ల కాగితం తీసి చేత్తో దిద్దాడు. ఎనభై ఒకటి. మిషన్ వేసిందీ ఎనభై ఒకటే. అంతకు ముందు ఆదివారానిదీ బీరువా అడుగునుంచి తీసి దిద్దాడు. డెబ్భై తొమ్మిది. అదీ సరిగ్గానే ఉంది.

గుండె మీది బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. లెక్క తప్పని చోట కూడా ఒక పిల్ల పెట్టె ఎత్తుకుని పోయింది కదా, వంద దాటకపోతే పంపెయ్యమనే ఆ పట్టీ ఎవరు తయారుచేశారు, దాన్ని దిద్దేదెవరు అనిపించింది. అది తను విప్పి కుట్టగలిగిన ప్రోగ్రాం కాదు. అలా అనుకున్నందుకు లోపలే దేవుణ్ణి క్షమించమన్నాడు. ఏ తప్పుకు క్షమించమంటున్నాడో మాత్రం స్పష్టంగా తెలియలేదు.

షాజాదీ కాగితం దాని చోట దాన్ని పెట్టి, కట్ట సరిచేసి పురికొస చుట్టాడు. ఇంకా అరవై అయిదు ఉన్నాయి. వేలికి తడి అద్దుకుని రెండోది దగ్గరికి లాక్కున్నాడు.